రాజుగారి ఆలు

సోనారి, 12 జులై 1998, ఆదివారం

రేపు మనవరాలు ఇక్కడి హిందీ బడి ప్రార్థనలో ఒక చారిత్రక కథ చెప్పాలట. మా వైపు రాజుగారి కథ ఎత్తుకున్నాను. ఆయన మీసాలకే సగం సాయంత్రం పట్టింది, మిగతా సగం గుర్రం తినేసింది. చివరికి అసలు సంగతికి వచ్చాను.

"శత్రువులు రాణిని పట్టుకుపోయినారు. అప్పుడా రాజు ఆలు కోసం కోట తలుపులు తీసీసినాడమ్మా!"

పిల్ల పడీ పడీ నవ్వింది. "ఆలూ కే లియే? ఇత్నా భూఖా థా క్యా, తాతా?" అంత ఆకలేసిందా రాజుకి అని.

"బంగాళాదుంప కాదే! ఆలంటే పెళ్ళాం. ఏటే ఆ నవ్వు?"

వంటింట్లోంచి కోడలు, "ఆ మాట మనింట్లో ఎవులంతన్నారు మావయ్యా, దానికి తెలడానికి?" అంది. నిజమే.

పెళ్ళాం కోసం కోట వదిలాడని ఆ రోజుల్లోనే జనం నవ్వారట. రేపు దుంప కోసమని బడంతా నవ్వితే... ఆ బెంగతో నేను కూర్చుంటే, పిల్ల పక్కమీంచి అడిగింది. "తాతా, ఫిర్ రానీ వాపస్ ఆయీ?"

ఇన్నేళ్ళుగా ఈ కథ చెబుతున్నాను. కోట పోవడంతోనే ఆపేసేవాణ్ణి. రాణి తిరిగొచ్చిందో లేదో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొద్దున్న చెబుతానని పడుకోబెట్టాను. ఏం చెప్పను?