నాలుగు మూలలు, ఐదు తరగతులు

అమ్మకు,

చిన్నది నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. అక్కడ నువ్వూ, నీ గొంతూ కులాసా అని తలుస్తాను. గొంతును వేరే మనిషిలా ఎందుకడుగుతున్నానంటే, పోయిన ఉత్తరంలో అన్నీ రాసి దాని ఊసే ఎత్తలేదు నువ్వు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న మాత్రలు వేసుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడితే వేసుకుంటాడు, లేకపోతే "వేసుకున్నాననుకున్నానే" అంటాడు. పెరటి తలుపు గడియ బాగయింది. ఎవరు బాగుచేశారన్నది కాసేపాగి చెబుతాను. స్టూడియోలో నా ఉద్యోగం ఉంది, యజమానితో దెబ్బలాట కూడా ఉంది. దరఖాస్తులకు అతికించే ఫొటోలో మనిషి నవ్వకూడదని ఆయన, నవ్వితే ఏ రాజ్యం కూలుతుందని నేను. "కరపత్రాలు చదివి చెడిపోయావు. ముందు ఫొటో తియ్యవే తల్లీ, రాజ్యం సంగతి తర్వాత చూద్దాం" అంటాడు. అయినా ఆదివారాలు తన పాత కెమెరా నా చేతికే ఇస్తాడు. మంచివాడే. చైతన్యం లేదు, అంతే.

ఆ కెమెరాతోనే పల్లెలమ్మట తిరిగి పాత ఒంటిగది బళ్లు వెతుకుతున్నాను. ఇప్పటికి పదకొండు దొరికాయి. "పాడుగోడలతో నీకేం పని, ఇదీ ఒక ఉద్యమమేనా" అని అడిగావు. ఉద్యమం కాదు. ఏమిటో చెప్పే ముందు ఆ బళ్లు నీకు చూపించాలి.

మొదటిది కొండ దిగువన. ఎరువుల బస్తాల గిడ్డంగి చేశారు. కాపలాదారు తాళం తియ్యనన్నాడు. "ఇది ప్రజల ఆస్తి" అన్నాను. "ఆ ప్రజలే బస్తాలు వేసుకున్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండి, విద్య ఎవరి హక్కు అన్న దాని మీద అక్కడే ఉపన్యాసం అందుకున్నాను. అతను చివరిదాకా విని, "మా పంతులమ్మా ఇంతే, ఊపిరి తీసుకోకుండా చెప్పేది" అంటూ తాళం తీశాడు. అతను చదివిందీ అందులోనేనట. బస్తాలు పక్కకి జరిపితే గోడ మీద నల్లరంగు పలక కనబడింది. పైన 'నేటి హాజరు' అని ఉంది. పక్కన అంకె లేదు. ఎవరూ రాని రోజున కూడా ఆవిడ ఆ రెండు మాటలూ రాసే వెళ్లిందన్నమాట.

నాలుగోదాంట్లో ఒక కుటుంబం కాపురముంటోంది. నన్ను చూసి ఆ ఇల్లాలు గబగబా దుప్పట్లు మడతపెట్టింది. తలుపు చట్రం మీద పిల్లల ఎత్తు కొలిచిన పాత గీతలున్నాయి. వాటి పక్కన కొత్త గీతలు, తన పిల్లలవి. "పాతవి చెరపలేదమ్మా, పక్కనే గీశాను" అంది, నేనేదో తప్పుపడతాననుకుని. నేను తప్పుపట్టలేదు. అప్పుడప్పుడు నేను కూడా తప్పుపట్టను, నమ్ము.

కానీ ఎక్కడికి వెళ్లినా నేను కెమెరా నేల వైపే తిప్పుతున్నాను. ప్రతి బడిలోనూ నాలుగు మూలలూ, నడుమా నున్నగా అరిగి ఉంటాయి. మిగతా నేలంతా గరుకు. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే పంతులమ్మలందరూ పిల్లల్ని నీలాగే కూర్చోబెట్టారు. తలుపు మూల ఒకటో తరగతి, కుండ మూల రెండు, బీరువా మూల మూడు, కిటికీ మూల నాలుగు, నీ కుర్చీ చుట్టూ ఐదు. మేం పాసయ్యామని అనేవాళ్లం కాదు, "కిటికీకి వచ్చాం" అనేవాళ్లం. నేను కుండ మూలలో ఉన్నప్పుడు బీరువా మూల ఎక్కం అప్పజెప్పేస్తే, "చెవులు నీ తరగతిలో పెట్టుకోవే" అన్నావు. పెట్టుకోలేదు. నాకొచ్చిన చదువులో సగం పక్క మూలల నుంచి విన్నదే. ఈ సంగతి ఒంటిగది బళ్లను తిడుతూ వచ్చిన ఏ కరపత్రంలోనూ లేదు. నేనూ రాయలేదు.

ఇక ఈ బళ్ల దారులు నాకు చూపిస్తున్నదెవరో చెప్పాలి. వడ్రంగి బాబాయి. గడియ బాగుచేసిందీ ఆయనే. "వాడి గడప తొక్కితే నా మీద ఒట్టు" అని రాశావు. తొక్కాను. ఈ చుట్టుపక్కల బళ్లలో సగం తలుపులు ఆయన వయసులో ఉండగా బిగించినవే. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని, "ఏమే కరపత్రం, ఎత్తు ఎక్కేటప్పుడు ఉపన్యాసం ఆపు, బండికి బరువు" అంటాడు. ప్రతి బడి దగ్గరా ముందు తలుపు తోసి చూస్తాడు. "నాదే. ఇన్నేళ్లయినా కిర్రుమనలేదు చూడు. మనుషులకి లేదు ఈ బుద్ధి."

మన బడి ఫొటో పంపమని మూడు ఉత్తరాల్లో అడిగావు. ఒకసారి రీలు అయిపోయిందన్నాను, ఒకసారి మబ్బు అన్నాను, ఒకసారి జవాబే రాయలేదు. పోయిన ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో నువ్వు రాసిన మాట ఇది: "ఇరవై రెండేళ్లు చెప్పాను. మాకొద్దని ఊరంతా వేలిముద్రలు వేసేంత తప్పు నేనేం చేశానో ఒక్కరు చెప్పినా బాగుండును."

అమ్మా, ఆ అర్జీ రాసింది నేను.

నువ్వనుకుంటున్నట్టు బాబాయి కాదు. కాగితం ఆయన కొట్లో ఉంది, ఆయన చేతుల మీదుగా ఇంటింటికీ తిరిగింది, అంతవరకే. ఆ వానల్లో నీ గొంతు పూర్తిగా పోయినప్పుడు, బల్ల మీద స్కేలుతో కొట్టి ఐదు తరగతులూ నడిపావు. ఒక దెబ్బ ఒకటో తరగతికి, రెండు దెబ్బలు రెండుకి. స్టూడియోకి పోతూ కిటికీలోంచి చూశాను. ఆ రోజే కూర్చుని రాశాను. రెండో గది కావాలి, రెండో పంతులు కావాలి, మా పంతులమ్మ గొంతు నిలవాలి. పద్నాలుగు వాక్యాలు, ఒక్కటీ తప్పు లేదు. పాడుచేసింది శీర్షిక. కరపత్రాలు చదివినదాన్ని, పైన ఒక నినాదం లేకపోతే అది నాకు కాగితంలాగే కనబడలేదు. పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాను: 'ఒంటిగది బడి మాకొద్దు'.

నా కోపమంతా ఒంటిగది మీద. ఆఫీసులో మాత్రం బడి మాకొద్దని చదువుకున్నారు. నువ్వు చూసింది బడి మూసి నిన్ను బదిలీ చేసిన వాళ్ల ఉత్తర్వే, 'గ్రామస్థులే వద్దని కోరినందున' అన్నది. నేను దెబ్బలాడటానికి వెళ్లాను. గుమాస్తా తిట్టలేదు, కసరలేదు. ఆ కాగితం నా వైపు తిప్పి, "ఇక్కడ వద్దనే కదమ్మా ఉంది. వద్దంటే వద్దనేగా అర్థం" అన్నాడు. పుట్టాక మొదటిసారి ఉపన్యాసం అందుకోకుండా బయటికొచ్చేశాను.

నా సంతకం అందులో లేదు. పంతులమ్మ కూతురు సంతకం చేస్తే పంతులమ్మే చేయించిందంటారని మానేశానని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు బండెక్కిన రోజు బాబాయి ఎదురొస్తే మొహం తిప్పుకున్నావు. నీ సంచి పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆయన నన్ను చూశాడు, నేను నేల చూశాను. ఎందుకు ఊరుకున్నావని తర్వాత అడిగితే, "మీ అమ్మకి ఎవరో ఒకరి మీద కోపం ఉండాలి కదే. కన్నకూతురి మీద కంటే నా మీదైతే తేలిక. చెక్కతో బతికినవాణ్ణి, ఆ మాత్రం మేకు దిగితే పగలను" అన్నాడు.

పదకొండు బళ్లు ఎందుకు తిరిగానో ఇప్పుడు తెలిసింది కదా. వారానికొక పరాయి బడి తీస్తే, మన బడికి వెళ్లాల్సిన వారం ఒకటి వెనక్కి జరిగేది.

మొన్న ఆదివారం ఆయన నన్నడగకుండానే మన బడి ముందు స్కూటరు ఆపాడు. "పన్నెండోది. దిగు." అలికిడికి జనం వచ్చారు. తలుపు మూలలో కూర్చున్న మనవరాలి కోసం రోజూ గుమ్మంలో కాచుకునేదే, ఆ ముసలమ్మ, నా చెయ్యి పట్టుకుంది. "మీ అమ్మకి మా మీద ఇంత కోపం దేనికే? తోడు ఇంకో పంతుల్ని ఇమ్మని కదా మేం వేలిముద్ర వేసింది. ఆవిడ గొంతు బాగుపడుతుందని కదా. చెప్పకుండా వెళ్లిపోయిందేం?"

నువ్వు వాళ్లకి అక్కర్లేదనుకుంటున్నావు. వాళ్లు నీకు అక్కర్లేదనుకుంటున్నారు. ఏడాదిన్నరగా ఈ రెండింటి మధ్యా నేను నోరు మూసుకుని ఉన్నాను. ఇంత నోరున్నదాన్ని.

ఆ శీర్షిక సంగతి అక్కడే చెప్పేశాను, అందరి ముందూ. అంతా విని ముసలమ్మ, "అయితే ఈసారి నెత్తిన ఏమీ రాయకు. తిన్నగా కావాలని రాయి" అంది. రాశాను. మన బడి ఫొటోతోపాటు నకలు పెట్టాను. మొదటి మాట 'మాకు మా బడి కావాలి'. మొదటి సంతకం నాది. వచ్చే వారం ఆఫీసుకి పట్టుకెళతాం. వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు, ఒప్పుకున్నా నిన్నే పంపుతారో లేదో తెలియదు. ఆ ఆశ పెట్టడానికి రాయడం లేదు. నువ్వేం తప్పు చేశావని అడిగావు కనుక రాస్తున్నాను. నువ్వేమీ చెయ్యలేదు.

నా మీద కోపం నీకిష్టమైనన్నాళ్లు ఉంచుకో. నాకు జవాబు రాయకపోయినా అడగను. బాబాయికి మాత్రం రెండు ముక్కలు రాయి. ఆయనకి చదువు రాదు, నీ ఉత్తరం నేనే చదివి వినిపించాలి. అందులో నన్ను ఎంత తిట్టినా ఒక్క అక్షరం మింగకుండా పైకే చదువుతాను.

ఇట్లు,
ఆ అర్జీ రాసిన
నీ చిన్న కూతురు