మూకుడు పెట్టని ఏడాది మన పండగ

మావా,

నేనూ పిల్లా ఇక్కడ బాగున్నాం, బెంగపడకు. ఫోన్లో అయితే నన్ను సెప్పనివ్వకుండా కేకలేస్తావని కార్డు రాస్తన్నాను. మన భరణి ఆడే ఫోను ఆట గురించే. "సంపండ్రా, సంపండి" అని అది అరుస్తంటే మొదట్లో నాకూ గుండె జల్లుమన్నాది. ఏటే ఇది అంటే "ఆటేనమ్మా, మా జట్టుకి నేనే కెప్టెన్ని" అన్నాది. దానన్న, మన పెద్దోడు పోయినాక దాని నోట అంత గట్టి మాట ఇనడం అదే మొదలు.

దసరానాడు ఆ జట్టు పిల్లలు నలుగురు ఎచ్చెర్లలో దాని సదువుకని తీసుకున్న మా గదికి వచ్చీసారు. అందరూ కాలేజీ పిల్లలే, అంతదాకా ఒకళ్ల మొకం ఒకళ్లు సూడలేదట. పెద్దోడు పోయిన ఏడాది కదా, మనింట్లో మూకుడు పెట్టి పిండివంటలు సెయ్యకూడదని ఇది ఆడతా ఆడతా సెప్పిందట. సుట్టాలు తేవలసిన గారెలూ బూరెలూ ఆళ్లు తమ ఇళ్లలో వండించుకొచ్చారు. పెద్దోడి పటం ముందు రెండు పెట్టాకే తిన్నారు. విజయనగరం పిల్ల అర్చన "ఆంటీ, మీ కెప్టెన్ మమ్మల్ని తిట్టినట్టే మిమ్మల్నీ తిడతాదా?" అన్నాది. భరణి పకపకా నవ్వింది. నేనూ నవ్వీసాను మావా.

ఆవుకి కుడితి ఏళకి పెట్టతన్నావా? మీ అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందా? నా నీలం దుప్పటి తే. ముఖలింగేశుడు మీ ఇద్దర్నీ సల్లగా సూడాల.

ఆదివారం వచ్చి ఫోను లాగీసి, సదువు మానిపించి తీసుకుపోతానన్నావు. రా. గుమ్మం బయటే కాసేపు నిలబడి అది నవ్వడం ఇను. అప్పటికీ తీసుకుపోతానంటే నేను అడ్డు సెప్పను.

నీ దాలమ్మ