గ్లౌజులు రాని పిలుపు

టాల్‌బెరీ, ఫిబ్రవరి 1770

అన్నయ్యా,

ప్రియమైన అని రాయబోయి మానేశాను. నీ మీద అంత కోపంగా ఉంది.

నాన్న పోయారని కబురు పంపితే నువ్వు రాలేదు. సేలం రేవు నుంచి ఇక్కడికి బండిలో ఒక్కరోజు ప్రయాణం. కన్నకొడుకు రాడా అని ఊరంతా నా మొహం చూస్తుంటే ఏం చెప్పను? మంచు ఎక్కువగా ఉందన్నాను. అబద్ధమని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు.

పాడె మోయడానికి ఆరుగురు కావాలి. ముందు కుడి కొమ్ము నీదని ఖాళీగా ఉంచాం. పాస్టరుగారు రెండుసార్లు దారి వైపు చూసి, ఇంక ఎత్తండి అన్నారు. చివరికి సైలస్ బాబాయి వచ్చి అక్కడ భుజం పెట్టాడు. ఆయన పొట్టివాడు కదా, పెట్టె ఆ పక్కకి ఒరిగిపోయింది. చర్చి వెనక రాతిగదిలో ఉంచి వచ్చాం. ఈ చలిలో గడ్డపార దిగదు, నేల మెత్తబడ్డాకే పూడ్చడం.

మోసినవాళ్లందరూ ఉత్త చేతులతోనే మోశారు. సైలస్ బాబాయి తన ఉన్ని చేతితొడుగులు లాగి జేబులో కుక్కుకుని, "పేడ ఎత్తేవాటితో మన చర్చిపెద్ద డీకన్‌గారి పాడె పట్టమంటావా, తల్లీ?" అన్నాడు. మిగతావాళ్లూ తీసేశారు. గది చేరేసరికి అందరి వేళ్లూ నీలంగా కొంకర్లు పోయాయి. "మీ నాన్న చచ్చి కూడా మాకు పొదుపు నేర్పుతున్నాడే" అని బాబాయి నవ్వబోయి ఏడ్చేశాడు.

నీకు నీ కొట్టు ముఖ్యం, ఇంగ్లండు సరుకు ముఖ్యం. ఉండు, అక్కడే ఉండు. నేనింక నీకు రాయను.

జెరూషా


సేలం, మార్చి 1770

చెల్లాయ్,

రాయనన్నావు కాబట్టి నేనే రాస్తున్నాను. చదివాక పొయ్యిలో వేసినా సరే.

బండి తోలే ఎనాక్ మీ కబురు తెచ్చినప్పుడు నేను కొట్లోనే ఉన్నాను. "మీ నాన్న పోయారు, గురువారం తీసుకెళతారు" అన్నాడు. సరే, ఇప్పుడు సంచిలోంచి తీస్తాడు అని చూశాను. తియ్యలేదు. గ్లౌజులేవిరా అని అడగడానికి నోరు రాలేదు. మన వైపు చావుకి పిలవడమంటే గ్లౌజులు పంపడమేగా! అమ్మ పోయినప్పుడు, పొలం గట్టు గొడవతో మాటల్లేని హాస్కెల్ వాళ్లకి కూడా పంపించారు నాన్న. వాళ్లూ వచ్చారు. నాకు కబురొచ్చింది, గ్లౌజులు రాలేదు. చచ్చాక కూడా నన్ను గుమ్మం ఎక్కొద్దన్నారనుకున్నాను.

నిరుడు ఆయన నా కొట్టుకి రావడం మానేసినప్పుడు అంత బాధపడలేదు. మనల్ని ఒక్క మాట అడక్కుండా సముద్రం అవతల ఇంగ్లండులో కూర్చుని గాజుకీ కాగితానికీ టీకీ పన్ను వేస్తారా, ఆ పన్ను పోయేదాకా ఇంగ్లండు సరుకు ముట్టను అన్నారు. అది ఆయన పట్టుదల. కొన్న సరుకు నేనేం చేసుకోను, అది నా బాధ. కానీ గురువారం నాడు, వెనకాల అరల నిండా నల్ల గ్లౌజులు పెట్టుకుని, నా పేరు మీద ఒక్క జతకి నోచుకోలేదే అని తలుపు మూసుకుని ఏడ్చాను జెరూషా.

అందరూ ఉత్త చేతులతో మోశారని నీ ఉత్తరంలో చూశాక గానీ గ్లౌజులు ఎవరికీ పంపలేదని తెలియలేదు. నేల ఇంకా మెత్తబడి ఉండదు. పూడ్చే రోజున నాకా కొమ్ము ఇస్తారా? ఆరుగురికీ మంచి మేకతోలు గ్లౌజులు తెస్తాను. ఎవరి కంటా పడకుండా బండిలో గడ్డి కింద పెట్టి తెస్తాను. ఆయనకి నేనింకేం ఇవ్వగలను?

నీ అన్న జాబెజ్


టాల్‌బెరీ, మార్చి 1770

ప్రియమైన అన్నయ్యా,

ఈసారి రాశాను చూడు.

నీ ఉత్తరం చదివి తల బాదుకున్నాను. ఎంత మొద్దుబుర్ర నాది! గ్లౌజులన్నీ ఇంగ్లండు నుంచి వచ్చేవే కాబట్టి ఇకమీదట చావులకి పంచకూడదని మొన్న శీతాకాలం మొదట్లో ఊరంతా ఒప్పుకున్నాం. ముందు చెయ్యెత్తింది నాన్నే. ఆయనే మొదట పోతారని ఎవరనుకున్నారు? ఊళ్లో అందరికీ తెలుసు కదా అని నీకు విడిగా చెప్పాలని తోచలేదు. రమ్మని కూడా అనలేదు. కొడుకుని ఎవరైనా పిలుస్తారా అనుకున్నాను.

కోపంలో నీకు ఒక సంగతి రాయలేదు. పోయే ముందు రోజు నాన్న నన్ను పిలిచి, "ముందు కుడి కొమ్ము జాబెజ్‌ది. నేను మానేసింది వాడి కొట్టుకి వెళ్లడమేగానీ వాడికి నాన్నగా ఉండటం కాదు" అన్నారు. ఇది నీకు ముందే చెప్పాల్సింది. నన్ను క్షమించు.

సైలస్ బాబాయికి నీ సంగతి చెప్పాను. "రమ్మను, రమ్మను. ఆ కొమ్ము మోసినప్పటినుంచి నా నడుం పట్టేసింది" అన్నాడు. వెళుతూ వెళుతూ, "వాడు రాలేదని నోటికొచ్చినట్టు తిట్టానే" అన్నాడు.

గ్లౌజులు మాత్రం తేవద్దు. గడ్డి కింద కూడా వద్దు. ఎవరూ చూడకపోయినా మోసేది నాన్నని. వేళ్లు నీలమయ్యేలా ఆరుగురు ఆయన మాట నిలబెట్టారు. ఆ పాడె మీద నీ చెయ్యి కూడా వాళ్ల చేతుల్లాగే ఉండాలి. ఆయనకి నువ్వివ్వగలిగింది అదే.

ఏప్రిల్ మొదటి వారానికి నేల కరుగుతుందంటున్నారు. ఒకరోజు ముందే వచ్చెయ్, మొక్కజొన్న జావ కాచి ఉంచుతాను. టీ మాత్రం అడక్కు.

నీకు ఏమీ పంపడం లేదు. ఇదే పిలుపు. ఉత్త చేతులతో రా.

నీ చెల్లి,
జెరూషా