రాయి ఉందని చెప్పే చెయ్యి

భారతీ,

ఆ ఆదివారం పొద్దున మనం గబ్బూరు నుంచి సైకిళ్ల మీద తిరిగొస్తున్నాం. నేను ముందు, నువ్వు వెనక. ఎండెక్కకముందే రాయచూరు చేరాలని తొందరపెట్టాను. వెనక నుంచి వచ్చిన లారీ నిన్ను కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయావు.

ఏడాదైంది. తారు రోడ్డు మీద మళ్ళీ సైకిల్ తొక్కలేకపోయాను. తొక్కకుండానూ ఉండలేక, సైకిల్ షాపు రహీంను అడిగి లావు టైర్ల మౌంటెన్ బైక్ తెచ్చుకున్నాను. నెల రోజులుగా ఊరి బయట గుట్ట మీద నేర్చుకుంటున్నాను. టైర్లలో గాలి తగ్గించడం, రాళ్లొస్తే సీటు మీంచి లేచి పెడల్స్ మీద నిలబడడం అలవాటయ్యాయి. అయినా రోజూ పడుతున్నాను.

ఎందుకు పడుతున్నానో ఇవాళ వెంట వచ్చిన రహీం చెప్పాడు.

"రాయి కనబడంగనే చెయ్యి కిందికి జూపిస్తున్నరు సార్. ఎనక ఎవరున్నరని? రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉండాలె" అని నవ్వాడు. మరుక్షణం తల దించుకున్నాడు.

పదకొండేళ్లు నీకు గుంతలూ రాళ్లూ అలాగే చూపించాను. ఆ అలవాటు పోతేనే ఈ సైకిల్ హాయిగా సాగుతుంది. పోగొట్టుకోవాలని లేదు నాకు.

రేపు పొద్దున ఈ మౌంటెన్ బైక్‌ను రహీంకు తిరిగిచ్చేస్తాను. రోడ్డు మీద తొక్కలేని నా పాత సైకిల్‌ను కూడా అక్కడే వదిలేసి నడిచి వస్తాను.