డేగిశాకి నాలుగో తీగ

షెబోయ్‌గన్,
అక్టోబరు 6.

ప్రియమైన నార్బర్ట్ అన్నయ్యకి,

ఫోనులో నీకు సగం మాటలు వినపడవు, ఈ సంగతి సగం వింటే కుదరదు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆదివారం ఎల్డన్ చర్చిలో ఉండగా నేను నేలమాళిగలోకి దిగాను. బ్రేకరు దింపి, ప్లగ్గు పీకి, తను బీరు కాచే కరెంటు డేగిశా ఉందే, దాని కేబులుని కంచె కత్తిరించే కత్తెరతో మూడు ముక్కలు చేశాను. కోపంలో చేసింది కాదు. కాఫీ తాగి, తీరిగ్గా చేశాను.

అప్పట్నించీ మీ బావగారికి నాతో మాటల్లేవు. సాసేజీ వేయించి పెడితే తింటాడు, ప్లేటు కడిగి పెడతాడు. మాట్లాడాలనిపిస్తే పిల్లితో మాట్లాడతాడు. "మీ అమ్మగారికి బుర్ర పనిచేస్తోందేమో కనుక్కో" అని నిన్న దాన్నే అడిగాడు. "బాగానే పనిచేస్తోంది, మీ అయ్యగారిదే ఫ్యూజు పోయింది" అని నేనూ పిల్లికే చెప్పాను.

నవ్వకు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది నీకు చెప్తున్నాను. ఆగస్టులో నాకు షాకు కొట్టింది. ఎల్డన్ పైన బార్లీ బస్తా దింపించుకుంటున్నాడు. డేగిశా పొంగుతోందని ఒక చేత్తో మూత పట్టుకున్నాను, రెండో చెయ్యి బట్టలుతికే తొట్టి కుళాయి మీద ఉంది. డేగిశాకున్న కరెంటు పంపు తిరుగుతోంది. ఛాతీలోంచి ఎవరో నన్ను పట్టి ఈడ్చినట్టయింది, అరుద్దామంటే గొంతు రాలేదు. ఎలా ఊడిపడ్డానో తెలీదు, లేచేసరికి సబ్బుల అల్మరా పక్కన ఉన్నాను. తడి నేల మీద జారానని చెప్పాను. "చూసుకుని నడవద్దూ!" అని కసిరి, భుజానికి ఐసు కట్టాడు.

ఎందుకు దాచానంటావా? తను పనిచేసే కాగితం మిల్లు మూసేశాక ఎల్డన్ ఏడాది పాటు కిటికీ దగ్గరే కూర్చున్నాడు. ఆ డేగిశా వచ్చాకే మళ్లీ గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు. అది నా చేత్తో ఎలా లాక్కోను? అంతకుముందు ఓసారి, ముట్టుకుంటే చురుక్కుమంటోందని చెప్పాను కూడా. "రబ్బరు బూట్లు వేసుకుని దిగు, బీరు కాచే మా క్లబ్బులో అందరం అంతే" అని నవ్వేశాడు. ఆ నవ్వు నాకు షాకు కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

పోయిన శనివారం తన చెయ్యి అదే కుళాయి మీదికి వెళ్లడం చూశాను. నేను కేకేసిన కేకకి చేతిలో గరిటె కింద పడేసుకున్నాడు. ఇక చాలనిపించింది.

పదిహేడో తారీకున క్లబ్బు వాళ్లు ఏడుగురు బీరు కాచడానికి మా ఇంటికొస్తున్నారు. కొత్త కేబులు కొనుక్కొచ్చి, మళ్లీ అదే ప్లగ్గుకి తగిలిస్తానని కూర్చున్నాడు. తగిలిస్తే నేనీ ఇంట్లో ఉండను. పెట్టె సర్దుకున్నాను, మంచం కింద ఉంది. నలభై ఏళ్లు కరెంటు పని చేసినవాడివి నువ్వు, నీ మాటంటే తనకి వేదం. అది తప్పని ఒక్క ముక్క రాసి పంపు.

నీ చెల్లెలు,
ఇర్మా

---

లా క్రాస్,
అక్టోబరు 9.

అమ్మాయ్ ఇర్మా,

కేబులు కోసి మంచి పని చేశావు. కోసేముందు ప్లగ్గు పీకావు చూడు, అందుకు మెచ్చుకుంటున్నాను. ఇక తప్పెవరిదో విను.

గోడలో ఉన్న ఆ ప్లగ్గు మీరు ఇల్లు కొన్నప్పుడు బట్టలారబెట్టే మిషను కోసం నేను పెట్టిందే. రెండు ఫేజులు, ఒక న్యూట్రల్, మూడే తీగలు. అప్పటి రూలు అంతే. నాలుగేళ్ల కిందట బావ ఫోను చేశాడు. "నార్బర్ట్, డేగిశాకి ఎర్తింగు కావాలంటున్నారు, ఇక్కడ నాలుగో తీగ లేదు, ఏం చెయ్యను?" అన్నాడు. పద్ధతిగానే అడిగాడు. నేను పేకాటలో ఉన్నాను, ముక్కలు బాగా పడ్డాయి. "మిషనుకి కలిపినట్టే న్యూట్రల్‌కి కలిపెయ్, ఏం కాదు పో" అన్నాను. నీళ్లలో చేతులు పెట్టి చేసే పనికి అలా కలపకూడదని నాకు తెలుసు. న్యూట్రల్ మర ఒక్కటి వదులైతే చాలు, పంపులోంచి వచ్చే కరెంటు డేగిశా ఒంటికి ఎక్కుతుంది, రెండో చెయ్యి కుళాయి మీదుంటే మనిషిలోంచి భూమిలోకి దిగుతుంది. నీకు జరిగింది అదే. తెలిసి కూడా చెప్పలేదు, చెబితే బండి తీసుకుని రావాల్సొస్తుందని.

అమ్మాయ్, నిన్ను చంపబోయింది బావ కాదు, నేను. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను.

పదహారో తారీకు పొద్దున్నే వస్తాను. మెయిన్ పెట్టె నించి నాలుగు తీగల మందపు కేబులు కొత్తగా లాగుతాను. ఎర్తు తీగ డేగిశా ఒంటికే బోల్టు వేసి బిగిస్తాను, న్యూట్రల్‌తో దారిలో ఎక్కడా కలవనివ్వను. కరెంటు ఏమాత్రం లీకైనా రెప్పపాటులో పడిపోయే బ్రేకరు మొదట్లోనే పెడతాను. అప్పటిదాకా ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకు.

నీ అన్న,
నార్బర్ట్

---

షెబోయ్‌గన్,
అక్టోబరు 12.

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఎల్డన్ ముందు పెట్టాను. చదివి మడిచాడు. మొదటిసారి పిల్లితో కాకుండా నాతో మాట్లాడాడు.

"నువ్వు చురుక్కుమంటోందన్న రోజే క్లబ్బులో అడిగాను ఇర్మా. మీ అన్న చెప్పింది తప్పన్నారు. నీకు పుట్టింటి వైపు మిగిలింది వాడొక్కడే, వాడి మీద కోపం తెచ్చుకుంటావని నోరు మూసుకున్నాను. మర బిగించాను, సరిపోతుందనుకున్నాను" అన్నాడు.

నేను కరిగిపోతాననుకున్నట్టున్నాడు. కరగలేదు. షాకు సంగతి అప్పుడే చెప్పాను, ఏ చెయ్యి ఎక్కడుందో చూపించి మరీ చెప్పాను. "మా అన్నయ్య పేకముక్కలు వదల్లేక, నువ్వు ఆయన పరువు తియ్యలేక! ఆగస్టులో నేను పోయుంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకళ్లనొకళ్లు ఓదార్చుకునేవాళ్లు. నా పీనుగ దగ్గర కూడా నిజం చెప్పుకునేవాళ్లు కాదు" అన్నాను. ఎల్డన్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నేను కూడా దాచినదాన్నే కదా.

టౌను ఆఫీసుకి వెళ్లి కొత్త కేబులు పనికి పర్మిటు నా పేరున తీసుకున్నాను. నువ్వు తీగలు లాగు, మీ బావ అందిస్తాడు, నేను పక్కనే నిలబడి ప్రతి మరా చూస్తాను. కరెంటు ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా మీ ఇద్దరికీ, ఆ ఏడుగురికీ మా నేలమాళిగలో మంచినీళ్లే.

ఇర్మా