దిగులని చెప్పిన పెద్దమ్మకు

పెదకాకాని, 1964

పెద్దమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది. అమ్మ పోయాక, నా పదిహేనో ఏట, నా చేతుల్ని నేనే గాయపరచుకునేదాన్ని. పొడుగు చేతుల జాకెట్టుతో దాచాను. మిరపకాయల తొడిమలు తీస్తుంటే గాయాలకు కారం తగిలి నేను విలవిల్లాడటం చూసి నువ్వే కనిపెట్టావు.

"దీనికి దయ్యం పట్టింది" అని చుట్టుపక్కలవాళ్లంటే, "దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. పిల్లకి దిగులు. నోళ్లు ముయ్యండి!" అని అరిచావు. నన్ను మాత్రం పల్లెత్తు మాటనలేదు. గాయాలు కడిగి, నేను నోరు విప్పేదాకా ఎన్నాళ్లో ఓపిక పట్టావు.

ఇవాళ నీ సంవత్సరీకంలో వడ్డిస్తుంటే, నీ మనవరాలు సుబ్బులు నా మచ్చలు చూసి, "ఇవేంటి పిన్నీ?" అంది. దాచకుండా చెప్పాను.

అది తల వంచుకుని, "నాకూ అట్లానే చేసుకోవాలనిపిస్తోంది పిన్నీ" అంది.

అందరిలో ఆ మాట చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ధైర్యంలో అచ్చం నీ పోలికే పెద్దమ్మా. దాన్ని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను, నీలాగే ఓపిగ్గా అంతా వింటాను.