వేళ్ల తప్పు కాదు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమమే. ఆయనకి దగ్గు తగ్గలేదు గానీ, మందు సీసా బీరువా వెనక దాచేసి తగ్గిపోయిందని దబాయిస్తున్నారు. నువ్వు కులాసాగా ఉన్నానని రాశావు, వేళ్లు నొప్పులనీ నువ్వే రాశావు. రెంటిలో ఏది నమ్మమంటావు?

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. వంటగది కుళాయి కారడం ఆగింది. పక్కింటి పిన్ని ఇల్లు ఖాళీ చేసింది, పోతూ పోతూ నా నిచ్చెన కూడా పట్టుకుపోయింది. ఇక మీ ఆఫీసు టైపు మెషీను. అక్షరాలు కంటికి ఆనడం లేదన్నావు. పేజీ అంతా ఒకేలా పాలిపోయి ఉంటే, ముందు రిబ్బను డబ్బా రెండు వైపులా సరిగ్గా కూర్చుందో లేదో చూడు. కూర్చుంటే, దెబ్బ బలం మార్చే చిన్న మీట ఉంటుంది, వెతుకు. పల్చటి కాగితం కోసం ఎవరో తగ్గించి, అలాగే వదిలేసి ఉంటారు. ఒక గడి పెంచు. ఒక్క అక్షరమే సగం పడుతుంటే అక్షరాల చక్రం తీసి పాత బ్రష్షుతో తుడువు. ముప్పై ఏళ్లు ఈ మెషీన్లు విప్పి బిగించి బతికినదాన్ని, వీటిలో నాకు తెలియని రోగం లేదు.

"గట్టిగానే కొడుతున్నానమ్మా, అయినా పడటం లేదు. నువ్వన్నట్టు నా చేతిలోనే బలం లేదేమో, ఈ పని మానేస్తాను" అని రాశావు చూడు, అది చదివాక నాకు అన్నం సహించలేదు. మూడు రాత్రులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

కరెంటు మెషీనుకి వేలి బలంతో పనే లేదు. మెల్లగా తాకినా, గుద్దినా పడేది ఒకే దెబ్బ. ఆ సంగతి తెలిసే నీకు అబద్ధం చెప్పాను.

వెనక వీధి లాయరుగారి ఆఫీసులో ఉద్యోగం కోసం నువ్వు నమూనా పేజీ కొట్టావు కదా. దానికి ముందు రోజు తలుపేసుకుని మనింటి కరెంటు మెషీను మీద గంటసేపు ఏదో టైపు చేశావు. "ఎవరికే?" అంటే "ఎవరికీ కాదులే" అన్నావు. నువ్వు స్నానానికి వెళ్లగానే రిబ్బను డబ్బా విప్పాను. ఆ ప్లాస్టిక్ రిబ్బను ఒక్కసారికే పనికొస్తుంది. కొట్టిన ప్రతి అక్షరం చోటా సిరా ఊడిపోయి, దాని ఆకారం మిగిలిపోతుంది. కిటికీ దగ్గర నిలబడి బారలు బారలుగా లాగి, పదాల మధ్య ఖాళీ లేకపోయినా కూడబలుక్కుని చదివాను. నీ స్నేహితురాలికి రాశావు: "మా అమ్మ ఉన్న గదిలో గాలి ఆడదు. అయినా ఈ ఉద్యోగం వస్తే ఊళ్లోనే ఉండిపోతాను, నేను లేకపోతే ఆవిడకి తోచదు." మొదటి మాటకే నా ఒళ్లు మండిపోయింది. రెండోది తలకెక్కలేదు.

నీ అడుగుల చప్పుడు వినగానే, తిప్పి తిప్పి వాడుకునే గుడ్డ రిబ్బన్ల అలవాటు కొద్దీ పెన్సిలు దూర్చి మొత్తం వెనక్కి చుట్టేసి పెట్టేశాను. మర్నాడు నీ నమూనా పేజీ ఆ రిబ్బను మీదే పడింది. సిరా పోయిన చోటే మళ్లీ కొడితే అక్షరాలు ముక్కలవక ఏమవుతాయి? "ఇదేమిటమ్మా ఇలా పడింది?" అని నా దగ్గరికే తెచ్చావు. చూడగానే తెలిసిపోయింది. కొత్త రిబ్బను నా సొరుగులోనే ఉంది. తీసి ఇస్తే, పాతదానికేమైందని అడుగుతావు. అందుకని, "వేళ్లలో బలం లేదు, తిన్నదంతా ఎక్కడికి పోతోంది?" అన్నాను. నువ్వు తల దించుకుని ఆ పేజీయే పట్టుకెళ్లావు. లాయరుగారు వద్దన్నారు. పది రోజులకి రైలెక్కావు.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటావా? నీ మీద కోపం. ఇప్పటికీ ఉంది, దాచను. కన్నతల్లి గురించి పరాయిదానికి అలా రాస్తావా? రాసింది నిజమే కాబట్టి ఇంకా మండింది.

పని మానకు. నీ చేతిలో ఏ లోపమూ లేదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు అని ఉంటే, వెనక వీధిలో పని చేసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేదానివి, వచ్చి నాతో కరువుతీరా పోట్లాడేదానివి. ఇప్పుడు నన్ను తిట్టాలన్నా నీకు స్టాంపు కావాలి.

ఇట్లు,
నీ వేళ్లకి వంక పెట్టిన
అమ్మ